పాత ఫోన్‌లో వేరే ఆపరేటింగ్ సిస్టమ్: దేనికి వేయాలి, దేని జోలికి పోకూడదు

సంపాదకులకు నమస్కారం.

పాత స్మార్ట్‌ఫోన్ పారేయకండి, లినియేజ్ ఓఎస్ (ఆండ్రాయిడ్ ఆధారంగా స్వచ్ఛందంగా తయారుచేసే ఉచిత సిస్టమ్) లాంటిది వేసుకుంటే కొత్త ఆండ్రాయిడ్ వచ్చేస్తుంది అన్న సలహా ఈమధ్య పత్రికల్లోనూ వీడియోల్లోనూ తరచు కనబడుతోంది. సలహా మంచిదే గాని సగమే చెబుతున్నారు. మిగతా సగం తెలియక రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నిక్షేపంలాంటి ఫోన్లు కాల్ వెళ్లక, డబ్బు కట్టే యాప్ తెరుచుకోక రిపేరు బల్లల మీదికి చేరుతున్నాయి. ఈ పని చేసేవారికీ చేయించుకునేవారికీ ఉపయోగపడుతుందని ఆ మిగతా సగం రాస్తున్నాం. కాస్త పొడుగైనా కత్తిరించకుండా వేయగలరు.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఇది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉండి, బ్యాంకు ఓటీపీ, యూపీఐ చెల్లింపులు, పీఎం కిసాన్ ఈకేవైసీ, రేషన్ ఈకేవైసీ అన్నీ దాంతోనే నడుస్తుంటే ఆ ఫోన్‌ను ముట్టుకోకండి. వేరే సిస్టమ్ వేయాలంటే బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) తాళం తీయాలి. తాళం తీసిన సంగతి ఫోన్‌ను మార్చారా లేదా అని చూసే గూగుల్ వారి ప్లే ఇంటిగ్రిటీ పరీక్షలో బయటపడుతుంది. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు, ముఖం చూపించి ఆధార్ ధ్రువీకరణ చేసే ఫేస్ ఆర్‌డీ లాంటివి చాలావరకు ఆ పరీక్ష మీద ఆధారపడి పనిచేస్తాయి. కొన్ని నోరు మూసుకుని నడుస్తాయి, కొన్ని ఈ నెల నడిచి వచ్చే నెల అప్‌డేట్‌తో ఆగిపోతాయి. ఏది నడుస్తుందో ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. మ్యాజిస్క్ లాంటివి పెట్టి ఆ పరీక్షను మోసం చేసే ఉపాయాలు నెట్‌లో బోలెడున్నాయి. అది దొంగా పోలీసూ ఆట. ఖాతాలో డబ్బున్న ఫోన్‌తో ఆ ఆట ఆడకూడదు. రెండో ఫోన్ ఉన్నవారే ఈ పనికి దిగాలి. తాళం తీశాక సినిమాల యాప్‌లు కూడా చాలా ఫోన్లలో పూర్తి నాణ్యత ఇవ్వవు. సినిమాలు కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి దిగిపోయి బొమ్మ మసకగా వస్తుంది.

మరి లాభమేమిటి? 2017 జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చిన రెడ్‌మీ నోట్ 4 తీసుకోండి. ఆండ్రాయిడ్ 6తో వచ్చింది, కంపెనీ ఆండ్రాయిడ్ 7 వరకు ఇచ్చి చేతులు దులుపుకుంది. అందులోని స్నాప్‌డ్రాగన్ 625 చిప్, 4,100 ఎంఏహెచ్ బ్యాటరీ పిల్లల పాఠాల వీడియోలకూ వాట్సాప్‌కూ పేపరు చదువుకోవడానికీ ఇవాళ్టికీ సరిపోతాయి. కాని భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయి ఏళ్లయింది, కొత్త యాప్‌లు ఒక్కొక్కటే ఆండ్రాయిడ్ 7ను వదిలేస్తున్నాయి. సయనోజెన్‌మోడ్ అనే ఇలాంటి సిస్టమ్ 2016 డిసెంబరులో మూతపడ్డాక దాని కొనసాగింపుగా పుట్టిన లినియేజ్ ఓఎస్ ఇలాంటి ఫోన్లను ఇంకా పట్టించుకుంటోంది. దాని అంకెలు చూసి కంగారు పడనక్కర్లేదు: లినియేజ్ 20 అంటే ఆండ్రాయిడ్ 13, 21 అంటే ఆండ్రాయిడ్ 14, 22 అంటే ఆండ్రాయిడ్ 15.

అయితే కొత్త ఆండ్రాయిడ్ పడింది కాబట్టి ఫోన్ పూర్తిగా భద్రం అనుకోవడం పొరపాటు. చిప్ తయారీదారు ఇచ్చే మూసిన భాగాలు, అంటే మోడెమ్, కెమెరా, గ్రాఫిక్స్ వంటి వాటి ఫర్మ్‌వేర్ (ఆ భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్), పాతవే ఉంటాయి. వాటిని బయటివాళ్లు సరిచేయలేరు. సెట్టింగ్స్‌లో ట్రస్ట్ అన్న చోట లినియేజ్ ఈ రెంటినీ విడివిడిగా చూపిస్తుంది: ప్లాట్‌ఫామ్ ప్యాచ్ తేదీ ఒకటి, వెండార్ ప్యాచ్ తేదీ ఇంకొకటి. రెండోది ఎన్నో ఏళ్ల కిందటిది కనబడితే బెదరక్కర్లేదు గాని, ఆ ఫోన్‌లో ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో ఆ తేదీని చూసి నిర్ణయించుకోవాలి.

సరిహద్దు జిల్లాల వాళ్లకు అసలు తలనొప్పి నెట్‌వర్క్. అందుకే దీన్ని కాస్త వివరంగా రాస్తాం.

జియోకు 2జీ గాని 3జీ గాని లేవు. మామూలు కాల్ కూడా వోల్టీ (4జీ మీద నడిచే కాల్) మీదే వెళ్లాలి. కొత్త సిస్టమ్‌లో వోల్టీ పనిచేయకపోతే నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, కాల్ మాత్రం వెళ్లదు, రాదు. ఎయిర్‌టెల్, వీఐ సిమ్‌లైతే కాల్ 2జీకి దిగుతుంది కాబట్టి లోపం వెంటనే తెలియదు. కాల్ మాట్లాడుతుండగా నెట్ ఆగిపోతుంటే వోల్టీ లేదని గుర్తు. పరీక్ష తేలిక. డయలర్‌లో *#*#4636#*#* నొక్కి ఫోన్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి, పై మూల మూడు చుక్కల్లో ఐఎంఎస్ సర్వీస్ స్టేటస్ చూడండి. రిజిస్టర్డ్ అని ఉంటే సరే. నాట్ రిజిస్టర్డ్ అని ఉంటే మొదట సిమ్ సెట్టింగ్స్‌లో 4జీ కాలింగ్ మీట వేసి ఉందో లేదో, తర్వాత ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కు కలిపే పేరు) సరిగ్గా ఉందో లేదో చూడాలి. జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, వీఐకి డబ్ల్యు మూడుసార్లు. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. అప్పటికీ రాకపోతే ఫోన్‌లోని మోడెమ్ ఫర్మ్‌వేర్ పాతదై ఉంటుంది. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన ఆఖరి ఫర్మ్‌వేర్ ఎక్కించాక సిస్టమ్ మళ్లీ వేయాలి.

రెండోది రోమింగ్. ఒడిశా ఒక టెలికాం సర్కిల్, ఆంధ్రప్రదేశ్ ఇంకొకటి. పర్లాకిమిడిలో కూర్చున్నా ఫోన్ పాతపట్నం వైపు టవర్‌ను పట్టుకోవచ్చు. రాయగడ నుంచి రైలెక్కి పార్వతీపురం వెళితే సర్కిల్ మారుతుంది. కంపెనీ సిస్టమ్ దీన్ని సొంత నెట్‌వర్క్‌గానే చూసి నెట్ ఆపదు. వేరే సిస్టమ్ వేసిన కొన్ని ఫోన్లలో మాత్రం సిగ్నల్ పక్కన రోమింగ్ గుర్తు పడి నెట్ ఆగిపోతుంది, ఎందుకంటే డేటా రోమింగ్ మీట మొదటినుంచీ ఆఫ్‌లో ఉంటుంది. ఫోన్ పాడైందని రిపేరుకు తెచ్చేవాళ్లలో కొందరికి కావలసింది ఆ ఒక్క మీట ఆన్ చేయడమే. దేశం లోపల రోమింగ్‌కు ఇప్పటి ప్లాన్లలో వేరే చార్జీ పడదు కాబట్టి భయం లేకుండా ఆన్‌లోనే ఉంచుకోవచ్చు. గట్టు మీది ఊళ్లలో ఫోన్ రెండు సర్కిళ్ల టవర్ల మధ్య అటూ ఇటూ దూకుతూ బ్యాటరీ తాగేస్తుంటే, ఆటోమేటిక్ ఎంపిక తీసేసి నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచండి. ఊరు మారినప్పుడు మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరవద్దు.

మూడోది బీఎస్ఎన్ఎల్. 2025 సెప్టెంబరు 27న మన ఒడిశాలోని ఝార్సుగుడ నుంచే ప్రధాని స్వదేశీ 4జీని ప్రారంభించాక కొండ ఊళ్లలో బీఎస్ఎన్ఎల్ సిమ్‌కు గిరాకీ వచ్చింది. ఆ 4జీలో ఒక ముఖ్యమైన భాగం 700 మెగాహెర్ట్జ్, అంటే బ్యాండ్ 28. పాత ఫోన్లలో చాలావాటికి ఆ బ్యాండ్ లేదు. అది హార్డ్‌వేర్ సంగతి. ఏ సిస్టమ్ వేసినా బ్యాండ్ పుట్టుకురాదు. కొత్త సిస్టమ్ వేస్తే మా ఊళ్లో బీఎస్ఎన్ఎల్ వస్తుందా అని అడిగేవారికి ముందుగానే ఆ ఫోన్ బ్యాండ్ల జాబితా చూపించడం మంచిది.

ఇక ఏ ఫోన్‌కు వేయవచ్చు? ఇక్కడ పెట్టె మీది పేరును నమ్మకూడదు, తయారీదారు లోపల పెట్టుకున్న కోడ్ పేరు చూడాలి. మన దేశంలో రెడ్‌మీ నోట్ 5 అని అమ్మినది విన్స్, రెడ్‌మీ నోట్ 5 ప్రో అని అమ్మినది వైరెడ్. చైనాలో ఆ వైరెడ్‌నే నోట్ 5 అన్నారు. నోట్ 4 స్నాప్‌డ్రాగన్‌ది మిడో. మీడియాటెక్ చిప్‌తో నోట్ 4 ఇంకొకటి ఉంది, దాని ఫైలు దీనికి పనికిరాదు. ఫోన్‌ను ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి ఆదేశాలు తీసుకునే స్థితిలో) పెట్టి కంప్యూటర్ నుంచి ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ ప్రొడక్ట్ అని అడిగితే చాలా ఫోన్లలో అసలు పేరు అదే చెబుతుంది. ఆ పేరు లినియేజ్ వారి పరికరాల జాబితాలో ఉండాలి. అక్కడ లేకపోయినా టెలిగ్రామ్‌లో ఎవరో తయారుచేసిన అనధికార ఫైలు దొరకవచ్చు. దాన్ని ఎవరు కట్టారో, లోపల ఏం కలిపారో తెలియదు. అలాంటిది ఇంకొకరి ఫోన్‌లో వేయడం మా దృష్టిలో తప్పే.

కంపెనీల సంగతి క్లుప్తంగా. షావోమీ తాళం తీయనిస్తుంది, కాని వేచి ఉండమంటుంది. వన్‌ప్లస్ పాతవాటికి ఒక్క ఆదేశంతో పని అయిపోతుంది. మోటరోలాలో ఫోన్ ఇచ్చే పొడుగాటి సంకేతాన్ని కంపెనీ సైట్‌లో ఇస్తే మెయిల్‌కు కోడ్ వస్తుంది, అన్ని మోడళ్లకూ కాదు. శామ్‌సంగ్‌లో నాక్స్ అనే భద్రతా ఫ్యూజ్ శాశ్వతంగా కాలిపోతుంది. తర్వాత పాత సిస్టమ్ వేసినా సెక్యూర్ ఫోల్డర్ వంటివి తిరిగిరావు. రియల్‌మీ కొన్ని మోడళ్లకే అనుమతించింది. హువావే, హానర్ 2018లో కోడ్లివ్వడం మానేశాయి. వివో, ఒప్పోలకు మామూలు దారి లేదు, డబ్బు తీసుకుని చేస్తామనేవాళ్ల మాట వినకండి.

పని మొదలుపెట్టేముందు ఫోన్ ఒంటిని చూడాలి. వెనక మూత లేచి ఉంటే బ్యాటరీ ఉబ్బింది. ముందు అది మార్చాలి. నోట్ 4కు బీఎన్43 అనే బ్యాటరీ పడుతుంది. 30, 40 శాతం దగ్గర టక్కున ఆగిపోయే ఫోన్‌కు కూడా జబ్బు బ్యాటరీదే, సిస్టమ్ మారిస్తే నయం కాదు. ఫైళ్లు కాపీ చేస్తుంటే నిమిషాల తరబడి కదలకుండా ఆగిపోతుంటే లోపలి ఈఎంఎంసీ మెమరీ అరిగిపోయినట్టు లెక్క. దాని మీద ఏం వేసినా నాలుగు రోజుల ముచ్చటే. ఎక్కువమందికి తట్టనిది డిస్‌ప్లే. ఫోన్‌కు మునుపు డిస్‌ప్లే మార్చి ఉంటే ఆ డూప్లికేట్ ప్యానెల్‌లో టచ్ చిప్ వేరేది ఉండవచ్చు. కంపెనీ సిస్టమ్‌లో చక్కగా పనిచేసిన టచ్ కొత్త సిస్టమ్‌లో రాయిలా ఉండిపోతుంది, ఎందుకంటే ఆ చిప్‌కు డ్రైవర్ అందులో ఉండదు. అందుకే ముందు టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీని (సిస్టమ్ వేయడానికి, కాపీ తీయడానికి వాడే చిన్న ప్రోగ్రామ్‌ను) ఎక్కించకుండా ఫాస్ట్‌బూట్ బూట్ ఆదేశంతో తాత్కాలికంగా నడిపి టచ్ చూసుకోవడం తెలివైన పని. అక్కడ టచ్ రాకపోతే కొత్త సిస్టమ్‌లోనూ రాకపోయే ప్రమాదం ఉంది, ఆగండి. ఈ పరీక్ష తాళం తీశాకే కుదురుతుంది కాబట్టి డిస్‌ప్లే మార్చిన ఫోన్ యజమానికి ఈ గండం ముందే చెప్పాలి.

షావోమీ తాళం ఇలా తీయాలి. సెట్టింగ్స్‌లో ఎబౌట్ ఫోన్‌లో ఎంఐయూఐ (షావోమీ సొంత సిస్టమ్) వెర్షన్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో ఓఈఎం అన్‌లాకింగ్ ఆన్ చేసి, మీ అన్‌లాక్ స్టేటస్‌లో ఖాతా జతచేయాలి. ఆ సమయంలో వైఫై ఆపి సిమ్ డేటా మీదే ఉండాలి, లేకపోతే జతకాదు. తర్వాత విండోస్ కంప్యూటర్‌లో కంపెనీ అన్‌లాక్ టూల్ తెరిచి, ఫోన్ ఆపి, పవర్‌తో పాటు వాల్యూమ్ తగ్గించే మీట నొక్కిపట్టి ఫాస్ట్‌బూట్‌లో పెట్టి కలపాలి. చాలాసార్లు 168 గంటలు ఆగమంటుంది, అంటే వారం. ఆ వారంలో ఖాతా నుంచి బయటికి రావద్దు, మళ్లీ జతచేయవద్దు. అలా చేస్తే లెక్క మొదటికొస్తుంది. ఒక్క రోజులో చేసిస్తామని కస్టమర్‌కు మాటిచ్చే దుకాణాలు ఈ వారం సంగతి గుర్తుపెట్టుకోవాలి. తాళం తీయగానే ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు, వాట్సాప్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అడిగి, కాపీ తీసి, అప్పుడే నొక్కాలి.

తాళం తీశాక, ఏదీ ఎక్కించకముందే, తాత్కాలికంగా నడుపుతున్న టీడబ్ల్యూఆర్‌పీలో బ్యాకప్‌లోకి వెళ్లి ఈఎఫ్ఎస్, పర్సిస్ట్ భాగాలకు టిక్కు పెట్టి కాపీ తీసి, ఆ కాపీని కంప్యూటర్‌లోకి మార్చండి. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య), రేడియో సర్దుబాట్లు, సెన్సర్ల కొలతలు ఉండేది అక్కడే. ఈ కాపీ లేకుండా అవి పాడైతే *#06# నొక్కినప్పుడు సున్నాలు కనబడతాయి, సిమ్ పట్టదు. అప్పుడు బాక్సు పెట్టి ఏదో ఒక ఐఎంఈఐ రాసిస్తాం అనేవాళ్లు దొరుకుతారు. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా. సొంత కాపీ నుంచి తిరిగి తెచ్చుకోవడం తప్ప ఇంకో దారి లేదు.

ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన అసలు సిస్టమ్ ఫైలు కూడా ముందే దింపి పెట్టుకోవాలి. మొత్తం చెడిపోయాక మన నెట్ వేగంతో దాన్ని వెతకడం నరకం. దింపిన ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ 256 సంఖ్య (ఫైలు తేడా లేకుండా పూర్తిగా దిగిందో లేదో తేల్చేది) సరిచూడాలి. విండోస్‌లో సెర్ట్‌యుటిల్ ఆదేశం ఆ పని చేస్తుంది. సిగ్నల్ తెగుతూ వచ్చే చోట సగం దిగిన ఫైలు పూర్తిగా దిగినట్టే కనబడి మధ్యలో మోసం చేస్తుంది.

ఎక్కించే వరుస ఇది. బ్యాటరీ సగానికి పైగా ఉండాలి. కేబుల్ డేటా కేబుల్ అయి ఉండాలి. సంతలో దొరికే కొన్ని చౌక కేబుళ్లలో చార్జింగ్ తీగలు మాత్రమే ఉంటాయి, కంప్యూటర్ ఫోన్‌ను చూడదు. కొన్ని కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టుకు పెడితే ఫాస్ట్‌బూట్ మధ్యలో తెగిపోతుంది. యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చండి, లేదంటే మధ్యలో ఒక మామూలు హబ్ పెట్టండి. కరెంటు మీద నమ్మకం లేని వర్షాకాలంలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ కన్నా ల్యాప్‌టాప్ నయం. సిస్టమ్ ఎక్కుతుండగా కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టవచ్చు. బూట్‌లోడర్ ఫర్మ్‌వేర్ ఎక్కుతుండగా పోతే ఫోన్ పూర్తిగా చచ్చిపోవచ్చు.

మొదట లినియేజ్ వారి రికవరీ ఎక్కించాలి. ఎక్కిన వెంటనే ఫోన్‌ను మామూలుగా ఆన్ చేయకండి. పవర్, వాల్యూమ్ పెంచే మీట కలిపి నొక్కిపట్టి సరాసరి రికవరీలోకే వెళ్లాలి. ఒక్కసారి పాత సిస్టమ్ తెరుచుకున్నా అది కొత్త రికవరీని చెరిపి తనది పెట్టేసుకుంటుంది. రికవరీ ఎక్కడం లేదు అనే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. లోపలికి వెళ్లాక ఫ్యాక్టరీ రీసెట్‌లో ఫార్మాట్ డేటా చేయాలి. ఉత్త వైప్ సరిపోదు. కంపెనీ సిస్టమ్ డేటాను గుప్తీకరించి ఉంచుతుంది, దాన్ని ఫార్మాట్ చేయకపోతే కొత్త సిస్టమ్ ఎవరికీ తెలియని పాస్‌వర్డ్ అడుగుతుంది, లేదా లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

ఆ తర్వాత అప్లై అప్‌డేట్, అప్లై ఫ్రమ్ ఏడీబీ ఎంచి కంప్యూటర్ నుంచి ఏడీబీ సైడ్‌లోడ్ ఆదేశంతో సిస్టమ్ ఫైలు పంపాలి. కంప్యూటర్ తెర మీద 47 శాతం దగ్గర ఆగిపోయినట్టు కనబడవచ్చు, ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్, సక్సెస్ అని వింతగా రాయవచ్చు. హడావుడిపడి కేబుల్ లాగేయకండి. ఫోన్ తెర చూడండి. అక్కడ తప్పు రాయకపోతే పని అయినట్టే.

గూగుల్ యాప్‌లు కావాలంటే ఫోన్ మొదటిసారి తెరుచుకోకముందే వేయాలి. లినియేజ్ వాళ్లు సూచించే గూగుల్ ప్యాకేజీ మైండ్‌ద‌గ్యాప్స్. వెర్షన్ ఆండ్రాయిడ్‌తో కలవాలి, 32 బిట్టా 64 బిట్టా అన్నది కూడా కలవాలి. చిప్ 64 బిట్ అయినా సిస్టమ్ 32 బిట్‌ది కావచ్చు, సిస్టమ్‌ను బట్టే ఎంచాలి. సిస్టమ్‌కు రెండు స్లాట్లున్న (సిమ్ స్లాట్లు కావు) ఫోన్లలో సిస్టమ్ ఎక్కాక ఒకసారి రికవరీకే రీబూట్ అయి ఆ తర్వాత గూగుల్ ప్యాకేజీ వేయాలి, లేకపోతే అది పాత స్లాట్‌లో పడి కనబడకుండా పోతుంది. సిగ్నేచర్ సరిపోలేదు, అయినా వేయమంటారా అని అడుగుతుంది. గూగుల్ ప్యాకేజీకి మాత్రం అవునంటే తప్పులేదు. సిస్టమ్ ఫైలుకే ఆ ప్రశ్న వస్తే వెంటనే ఆగి, ఫైలు ఎక్కడిదో మళ్లీ చూసుకోవాలి. మొదటిసారి తెరుచుకోవడానికి పావుగంట పట్టినా పట్టవచ్చు. ఒకసారి గూగుల్ లేకుండా తెరిచి, తర్వాత వేద్దామంటే ప్లే సర్వీసెస్ ఆగిపోతూ సతాయిస్తుంది. మళ్లీ ఫార్మాట్ చేయక తప్పదు.

నోట్ 5 ప్రో ఉన్నవారికి ప్రత్యేకం. దాంట్లో యాంటీ రోల్‌బ్యాక్, అంటే పాత వెర్షన్‌కు వెనక్కి పోనివ్వని ఏర్పాటు, ఉంది. ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ యాంటీ అని అడిగితే 4 అని జవాబొస్తే, అంతకన్నా తక్కువ సంఖ్య ఉన్న పాత ఎంఐయూఐ ఫైలు పొరపాటున కూడా వేయకండి. ఫోన్ నల్లగా పడిపోయి కంప్యూటర్‌కు 9008 అనే క్వాల్‌కామ్ పోర్టుగా మాత్రమే కనబడుతుంది. అక్కడి నుంచి లేపాలంటే కంపెనీ అనుమతి ఉన్న ఖాతా కావాలి.

భాష సంగతి మన ప్రాంతానికి ముఖ్యం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కొత్త ఆండ్రాయిడ్‌లో రెండు లిపులకూ నోటో ఫాంట్లు ఉంటాయి కాబట్టి చదవడానికి డబ్బాలు కనబడవు. లినియేజ్ సొంత కీబోర్డులో తెలుగు ఉంది, ఒడియా మాత్రం అందులో వెతుక్కోకండి. గూగుల్ వేసుకున్నవారికి జీబోర్డ్‌లో రెండూ ఉన్నాయి. గూగుల్ వద్దనుకున్నవారు ఇండిక్ కీబోర్డ్ పెట్టుకోవచ్చు, అందులోనూ రెండూ ఉన్నాయి. ఒక భాష నుంచి ఇంకో భాషకు స్పేస్ బార్ పట్టుకుని మారవచ్చు.

2 జీబీ ర్యామ్, 16 జీబీ మెమరీ ఉన్న రెడ్‌మీ 5ఏ తరహా ఫోన్లకు గూగుల్ ప్యాకేజీ వేస్తే కదలవు. ఆండ్రాయిడ్ 13 నుంచి గూగుల్ తన తేలికపాటి గో ఎడిషన్‌కే 2 జీబీ కనీసం అని పెట్టింది, ఇక పూర్తి సిస్టమ్ సంగతి చెప్పాలా? అలాంటివాటికి గూగుల్ లేని లినియేజ్, ఎఫ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల దుకాణంలోని యాప్‌లు చాలు. పుస్తకాలు చదవడానికి, పాటలకు, హాట్‌స్పాట్‌గా వాడుకోవడానికి అవి బాగుంటాయి. రోజంతా చార్జర్‌కే తగిలించి హాట్‌స్పాట్‌గా ఉంచేవారు చార్జింగ్ కంట్రోల్ అన్న సదుపాయం ఆ ఫోన్‌లో ఉంటే 80 శాతానికి పరిమితి పెట్టండి. లేకపోతే ఎండాకాలం దాటేసరికి బ్యాటరీ ఉబ్బుతుంది.

పోస్ట్‌మార్కెట్ ఓఎస్, ఉబుంటు టచ్ అని ఆండ్రాయిడ్ కాని లినక్స్ సిస్టమ్‌లు కూడా ఉన్నాయి. వన్‌ప్లస్ 6, పోకో ఎఫ్1 లాంటి ఫోన్లలో బాగానే నడుస్తాయి. ఇంజనీరింగ్ చదివే పిల్లలు నేర్చుకోవడానికి మంచివి. కాల్స్, కెమెరా, వోల్టీ విషయంలో రోజువారీ ఫోన్‌గా నమ్ముకునే స్థితిలో లేవని మా అభిప్రాయం. గూగుల్ సర్వీసుల బదులు మైక్రోజీతో వచ్చే /e/OS (ఇ-ఓఎస్) అనే సిస్టమ్ మాత్రం మామూలు వాడకానికి పనికొస్తుంది, లోపల ఉన్నది లినియేజే కదా.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొని సిస్టమ్ వేయించుకునేవారు ముందు అది దొంగ ఫోన్ కాదని చూసుకోవాలి. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఫోన్ వివరాలు వస్తాయి. బ్లాక్ చేసినదని వస్తే ఆ ఫోన్ దుకాణంలో పెట్టుకోవడం కూడా ప్రమాదమే. గూగుల్ ఖాతా తాళం పడి ఉన్న ఫోన్ తెచ్చి సిస్టమ్ మార్చేయండి అనేవారిని బిల్లు అడగండి.

తిరిగి కంపెనీ సిస్టమ్‌కు వెళ్లాలనుకునేవారికి ఒక హెచ్చరిక. షావోమీ ఫోన్లకు సిస్టమ్ ఎక్కించే మీఫ్లాష్ టూల్‌లో కింద మూడు ఎంపికలుంటాయి. తెరవగానే టిక్కు పడి ఉండేది క్లీన్ ఆల్ అండ్ లాక్. చూసుకోకుండా నొక్కితే సిస్టమ్ ఎక్కాక తాళం కూడా పడిపోతుంది. ఫైలు ఆ ఫోన్ ప్రాంతానికి చెందినది కాకపోతే ఈ వెర్షన్ ఈ పరికరంలో వేయరాదు అని రాసి ఫోన్ అక్కడే నిలిచిపోతుంది. క్లీన్ ఆల్ మాత్రమే ఎంచండి. ఫోన్ తెరుచుకుని, సిమ్ పట్టి, *#06#కు అసలు ఐఎంఈఐ చూపించాకే తాళం వేయాలా వద్దా అన్నది ఆలోచించండి. లినియేజ్ ఉన్న ఫోన్‌కు తాళం వేసే ప్రయత్నం అసలు చేయకండి, తెరుచుకోదు.

ఈ పని డబ్బుకు చేసే దుకాణాల వారికి మా మనవి ఒకటే. రసీదు మీద మూడు సంగతులు రాసి కస్టమర్ చేత సంతకం చేయించండి: డేటా మొత్తం పోతుందని, బ్యాంకు, యూపీఐ యాప్‌లు పనిచేయకపోవచ్చని, జియో సిమ్ ఉంటే వోల్టీ పరీక్షించి చూపించామని. మీ పత్రిక కూడా పాత ఫోన్ల మీద ఇకముందు వ్యాసం వేసేటప్పుడు ఫోన్ పేరుతో పాటు కోడ్ పేరు, వోల్టీ ఉందో లేదో కలిపి అచ్చు వేయగలరు.

ఇట్లు,
మొబైల్ మరమ్మతు పనివారు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా.